ఖాళీగా ఇవ్వకూడని టోపీ

అమెరికా చూడ్డానికి వచ్చిన అత్తగారిని ఎవరైనా ఎక్కడికి తీసుకెళ్తారు? నయాగరాకి తీసుకెళ్తారు. జలపాతం ముందు చీర కొంగు ఎగురుతుండగా ఫోటో తీసి ఊరికి పంపుతారు. మేం మా అత్తగారిని టెనెస్సీలో ఒక రైతు షెడ్డుకి తీసుకెళ్ళాం. అక్కడేముందని మా ఊరు డేటన్‌లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళూ అడిగారు. ఇనప టోపీ ఉందన్నాను. పాపం, మర్యాదకి నవ్వారు. ఎనభైల మొదట్లో వేసవిలో చేసిన ఆ ప్రయాణం గురించి అడిగిన ప్రతివాళ్ళకీ నోటితో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ముందు టోపీల సంగతి చెప్పాలి. మా ఆయన ప్రభాకరం ఇంజనీరు. తాగుడు లేదు, పేకాట లేదు, బంగారం లాంటి మనిషి అని పెళ్ళప్పుడు అందరూ అన్నారు. ఈ పిచ్చి ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు. యుద్ధకాలంలో జర్మనీలో విమానాలు బాంబులు వేసినప్పుడు మంటలార్పడానికీ, శిథిలాల కింద ఉన్నవాళ్ళని లాగడానికీ ఊళ్ళో మామూలు జనం దళాలుగా తిరిగేవాళ్ళట. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, ఇల్లాళ్ళు. వాళ్ళకి ముదురు నీలం రంగు ఇనప టోపీలుండేవి. అమెరికా సిపాయిలు వాటిని గుర్తుగా పట్టుకొచ్చి గరాజుల్లో పడేశారు. ఈయన వాటిని ఏరుకుంటాడు. సిపాయిల టోపీలు ఊరికే ఇచ్చినా ముట్టడు. తుపాకీ పట్టినవాడి టోపీ నాకెందుకంటాడు.

దీనికి మూలం విశాఖపట్నంలో ఉంది. జపానువాళ్ళు అక్కడ బాంబులు వేసిన రోజుల్లో మా మామగారు ఎయిర్ రెయిడ్ వార్డెన్. ఊరు సగం బళ్ళు కట్టుకుని అనకాపల్లి దారి పడితే, ఆయన నెత్తిన టోపీ పెట్టుకుని వీధివీధీ తిరిగి దీపాలు ఆర్పించేవారు. అప్పుడు మా ఆయనకి అయిదేళ్ళు. నాన్న టోపీ పెట్టుకుని గుమ్మం దిగడమే ఆయనకి తెలిసిన మొదటి జ్ఞాపకం. ఆ టోపీ మాత్రం ఇప్పుడు లేదు. దాన్ని ఏం చేశారో తర్వాత మా అత్తగారి నోటే వింటారు.

నా ఇంట్లో ఒక్కటే షరతు. ఆ టోపీల ముందు భాగంలో రెక్కల బొమ్మ, దాని మధ్య ఆ నాజీల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కింద ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో తెలిసిన మనుషులు మా వీధిలోనే ఉన్నారు. అందుకని అవి బేస్‌మెంట్ మెట్లు ఎక్కి పైకి రాకూడదు. ఈయన కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు.

టెనెస్సీలో ఎర్ల్ అనే ఆయన దగ్గర చెక్కుచెదరని టోపీ ఉంది. రంగు పోలేదు, బొమ్మ చెరగలేదు, లోపలి తోలు పట్టీ కూడా ఉంది. రెండేళ్ళుగా ఫోన్లు చేస్తుంటే, అమ్మేది లేదు గానీ వచ్చి చూడు అన్నాడు. మా ఆయన రెండేళ్ళుగా దాన్నే కలవరిస్తున్నాడు. ఈసారి ఎలాగైనా ఒప్పిస్తానని ఒక వారం సెలవు పెట్టాడు. అదీ మా తీర్థయాత్ర.

ఇండియానా సంత

పులిహోర, ఆవకాయ జాడీ, ఒక స్టీలు డబ్బా నిండా సున్నుండలు, చారుకని చింతపండు ఉండ. ఇవి మా అత్తగారి సామాను. "దేశంకాని దేశంలో దారిలో ఏటి దొరుకుతాదో" అని ఆవిడ భయం.

దారి చుట్టయినా సరే, ఇండియానాలో పాత సామాన్ల సంత చూసుకుని పోదామన్నాడు ఈయన. అమెరికా సంతకీ మన అనకాపల్లి సంతకీ ఒక్కటే తేడా. ఇక్కడ ఎవరూ అరవరు. అమ్మేవాడు కుర్చీలో కూర్చుని నిమ్మరసం తాగుతూ, కొంటే కొను లేకపోతే పో అన్నట్టు చూస్తాడు. బేరం ఆడటానికే నామోషీ.

మా అత్తగారికి ఆ నామోషీ లేదు. ఒక బల్ల మీద సరిగ్గా మా ఆయన వెతికే రకం టోపీయే ఉంది, కాకపోతే ఒళ్ళంతా చిల్లులు. రంగు గోకేసి తెల్ల ఎనామెల్ పూశారు, రెండు చెవులు అతికించారు. అమ్మే ఆయన చెప్పాడు: యుద్ధం అయిపోయాక జర్మనీలో వంటకి గిన్నెల్లేక, మిగిలిపోయిన టోపీలకి ఇలా చిల్లులు పొడిచి కూరలు వడకట్టుకునేవారట. మా ఆయన దాన్ని చూసి, శవాన్ని చూసినట్టు మొహం పెట్టాడు.

"పాడు చేసేశారు. దీన్ని నాలాగా టోపీలు పోగేసే కలెక్టర్లెవరూ ముట్టుకోరు" అన్నాడు.

మా అత్తగారు దాన్ని ఎత్తి సూర్యుడికి ఎదురుగా పట్టి చూశారు. "ఎంతటమ్మాయ్?"

"అయిదు డాలర్లట అత్తయ్యా."

"ఓటి గిన్నెకి అయిదా? చూడు బాబూ, ఇక్కడ చిల్లు, ఇక్కడ చిల్లు, ఇదిగో ఇంకోటి" అని అచ్చ తెలుగులో ఒక్కొక్క చిల్లూ వేలు పెట్టి చూపించడం మొదలెట్టారు. ఆయన కుర్చీలోంచి లేచాడు. ఏడో చిల్లు దగ్గర రెండు డాలర్లకి దిగాడు. కార్లో కూర్చున్నాక ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయారు. "ఎంత బాగా పొడిచాడే చిల్లులు! బియ్యం కడిగితే ఒక్క గింజ జారదు" అన్నారు. కొనేముందు లోపం, కొన్నాక అదే గుణం. బేరం తెలిసినవాళ్ళ లక్షణం అది.

కెంటకీలో ఫలహారం

మర్నాడు పొద్దున్న హైవే పక్కన ఒక డైనర్‌లో ఆగాం. మాంసం లేనిది ఏదైనా పెట్టమన్నాను. వెయిట్రెస్ పెద్దావిడ, పేరు బెట్టీ. చిక్కుడుకాయల కూర తెచ్చింది. మా అత్తగారు చెంచాతో కెలికి ఆగిపోయారు.

"ఇందులో మాంసం ఉంది" అన్నాను బెట్టీతో.

"లేదు హనీ, మాంసం కాదు. రుచి కోసం కాస్త బేకన్ అంతే."

మా అత్తగారికి తర్జుమా చేశాను. "మాంసం కాదటమ్మా? ఆ పంది ఒప్పుకుంటాదేటి?" అన్నారు. ఇది నేను బెట్టీకి తర్జుమా చేయలేదు.

చివరికి గ్రిట్స్ వచ్చాయి. తెల్ల మొక్కజొన్న నూకతో వండిన ఉప్మా అనుకోండి, పోపు మర్చిపోయిన ఉప్మా. మా అత్తగారు సంచీలోంచి ఆవకాయ తీసి కలుపుకున్నారు. బెట్టీ వాసనకి దగ్గరికొచ్చి, ఒక వేలితో తీసి నాకి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. బిల్లు తెచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించి, ఇంకాస్త ఉందా అని అడిగింది. చిన్న కాగితం కప్పులో పెట్టిచ్చాం. ఆ కప్పుకి ఆవిడ మా దగ్గర కాఫీల డబ్బు తీసుకోలేదు.

ఎర్ల్ గారి షెడ్డు

టెనెస్సీలో అడుగు పెట్టాక గాలి మన గాలిలా చెమ్మగా అయింది. మా అత్తగారు కారు కిటికీ దించి, "ఇప్పుడు ఊపిరాడుతున్నాది" అన్నారు. ఎర్ల్ గారి ఊరు దగ్గర ఒక గుజరాతీ దంపతుల మోటెల్‌లో దిగాం. సామాను పెట్టి సాయంత్రానికి ఆయనింటికి వెళ్ళాం.

ఎర్ల్ గారు భారీ మనిషి. అరవై దాటాయి. ట్రాక్టర్లు బాగుచేసేవాడట, ఇప్పుడు ఒక దూడ, కొన్ని కోళ్ళు, ఒంటరి ఇల్లు. భార్య డోరతీ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆవిడ గురించి చెప్పేటప్పుడల్లా వంటింటి తలుపు వైపు చూసేవాడు.

టోపీ షెడ్డులో ఒక మేకుకి వేలాడుతోంది. మా ఆయన రెండు చేతులతో దాన్ని అందుకున్న తీరు చూస్తే నాకే జాలేసింది. మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా అంత భయపడుతూ ఎత్తుకోలేదు.

ఎర్ల్ గారు చెప్పాడు: "అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. యుద్ధం చివర్లో మా పటాలం జర్మనీలో ఒక ఊళ్ళోకి వెళ్ళేసరికి ఊరంటూ లేదు. నేలమాళిగలోంచి ఒకావిడ పైకొచ్చింది. మా అమ్మ వయసు ఉంటుంది. నెత్తి మీద ఇది. నా దగ్గరున్న సబ్బూ, మాంసం డబ్బా ఇచ్చాను. ఆవిడ దగ్గర తిరిగివ్వడానికి ఏమీ లేదు. ఇది తీసి నా చేతిలో పెట్టింది."

తర్వాత టోపీ అంచు మడత చూపించాడు. అక్కడ ఎర్రటి మట్టి గట్టిగా పేరుకుని ఉంది.

"ఇది ఆ ఊరి ఇటుక పొడి. కడగమని డోరతీ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ ఒక్కటీ వినలేదు నేను. ఆవిడ కూడా ఒక్కటి వినలేదు. ఆ గుర్తు ఉన్న వస్తువు నా ఇంట్లోకి రాకూడదంది. అందుకే ముప్ఫై అయిదేళ్ళు షెడ్డులో ఉంది."

నాకు డోరతీ అప్పటికప్పుడు నచ్చేసింది. మా అత్తగారు ఇదేమీ వినలేదు. బయట దూడ గంగడోలు నిమురుతూ దానితో కబుర్లు చెబుతున్నారు.

వరండాలో కూర్చున్నాక ఎర్ల్ గారు ఆవిడ భర్త గురించి అడిగాడు. ఆవిడ చెప్పారు, నేను ఇంగ్లీషు చేశాను. దీపాలార్పించడం, బాంబు పడ్డ రోజు రేవు వైపు పరుగెత్తడం, ఆయన ఇంటికొచ్చేదాకా ఈవిడ పిల్లల్ని మంచం కింద పెట్టుకుని కూర్చోవడం. ఎర్ల్ గారు ఊగే కుర్చీ ఆపి విన్నాడు.

"ఆ టోపీ ఏమైంది మేడమ్?"

"గేదెకి కుడితి పోశాను. సరిగ్గా దాని మూతికి సరిపోయేది. అయిదేళ్ళు వాడాను."

తర్జుమా చేశాను. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు, ఈ కథ విన్నప్పుడల్లా ఆయనకది కడుపుకోత. ఎర్ల్ గారు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, "ఆయన బతికొచ్చాడు కాబట్టి గేదె తాగింది" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

"నాకిప్పుడు చర్చిలో మీటింగు ఉంది. దీన్ని నీతో తీసుకెళ్ళు. తీరిగ్గా చూసుకో. రేపు తీసుకురా, నా మాట అప్పుడు చెప్తాను."

కాగితం లేదు, హామీ లేదు. గంట క్రితం కలిసిన మనుషుల చేతిలో పెట్టేశాడు. తిరిగొచ్చే దారిలో మా ఆయన గంటకి ముప్ఫై మైళ్ళు దాటలేదు. "రేపు ఒప్పుకుంటాడు. చూపులో తెలిసింది నాకు" అన్నాడు. ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా రోజులైంది.

మోటెల్ వెనక కుళాయి

ఎరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు పెద్దలు.

పొద్దున్న మా ఆయన టైరులో గాలి చూపించడానికి గ్యాస్ స్టేషన్‌కి వెళ్ళాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి గదిలో అత్తగారు లేరు, టోపీ లేదు. వెనకవైపు నవ్వులు వినిపించాయి. వెళ్ళి చూస్తే, కుళాయి దగ్గర మా అత్తగారూ, మోటెల్ గుజరాతీ అమ్మా ఎదురెదురుగా గొంతుక్కూర్చుని ఉన్నారు. ఈవిడకి హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. మధ్యలో చింతపండు, ఉప్పు, బార్బెక్యూ పొయ్యిలోంచి తెచ్చిన బూడిద, ఆవిడ ఇచ్చిన స్టీలు పీచు. ఒకరు తోముతున్నారు, ఒకరు నీళ్ళు పోస్తున్నారు. తోలు పట్టీ విప్పి కంచె మీద ఆరేశారు. టోపీ ఎండలో మా అమ్మమ్మగారి నీళ్ళ కాగులా మెరిసిపోతోంది.

రంగు లేదు. రెక్కల బొమ్మ లేదు. ఇటుక పొడి కాలవలో ఎర్రగా పారి అప్పటికే గడ్డిలోకి ఇంకిపోయింది.

"అత్తయ్యా! ఏం చేశారు!"

"ఎంత జిడ్డు పట్టించాడమ్మా. ఆడదిక్కు లేని ఇల్లు కదా" అన్నారు జాలిగా.

అప్పుడే కారు ఆగింది. మా ఆయన వచ్చి చూసి సిమెంటు గట్టు మీద కూలబడ్డాడు.

"అమ్మా, అది మనది కాదు."

"మనది కాదు కాబట్టే తోమినాను. ఎరువు తెచ్చిన గిన్నె తోమకుండా ఇచ్చెయ్యమంటావేటి? నిన్ను అలగ పెంచేనా?"

"అది గిన్నె కాదమ్మా!"

"ఏదైనా ఒకటే. ఆ బొమ్మొకటి ఉంది ముందర. స్వస్తిక్ అనుకున్నాను గానీ వంకరటింకరగా ఉంది. అదీ పోయింది, పీడా పోయింది."

మా ఆయన లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. టోపీ పోయిందన్న బాధ కంటే, నమ్మి చేతిలో పెట్టిన మనిషికి మొహం ఎలా చూపించాలన్నదే ఆయన్ని తినేస్తోందని నాకు తెలుసు. నేను అప్పుడు మా అత్తగారికి ఇటుక పొడి సంగతి చెప్పాను. ఆవిడ విన్నారు. మొహం చిన్నబోయింది గానీ చేతులు ఆగలేదు. టోపీ లోపల శుభ్రమైన తువ్వాలు పరిచి, డబ్బాలో సున్నుండలు తీసి పేర్చడం మొదలెట్టారు.

"ఇప్పుడు ఇవెందుకత్తయ్యా?"

"తప్పు జరిగిందని పద్ధతి మానేస్తామేటి? ఖాళీ గిన్నె ఇవ్వకూడదు."

మళ్ళీ ఆ వరండా

ఎర్ల్ గారు మెట్ల మీదే ఎదురుచూస్తున్నాడు. మా ఆయన గదిలో కూర్చుని కూడగట్టుకున్న మాటలన్నీ మర్చిపోయి, కారు దిగీ దిగకుండానే ఒక్క గుక్కలో చెప్పేశాడు. మా అమ్మ కడిగేసిందండీ, తెలియక చేసింది, మీరెంతంటే అంత ఇచ్చుకుంటాను, అయినా అది దానికి సరిపోదని నాకు తెలుసు, అన్నాడు.

మా అత్తగారు సున్నుండల టోపీని రెండు చేతులతో ఆయనకి అందించారు.

ఎర్ల్ గారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తువ్వాలు కొస ఎత్తి, అంచు మడతలోకి బొటనవేలు పోనిచ్చి చుట్టూ తిప్పాడు. వేలు పైకెత్తి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. ఆ కాసేపూ నాకు భూమిలోకి పోతే బాగుండుననిపించింది.

"నిన్న రాత్రి చర్చిలో అనుకున్నాను, నీకు ఇచ్చేద్దామని" అన్నాడు మా ఆయనతో. మా ఆయన తల వంచుకున్నాడు.

మా అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, ఒక మాట చెప్పు ఆయనకి. టోపీ ఇచ్చినావిడ ఇల్లు కూలిపోయి, నీళ్ళు లేక అలగ ఇచ్చేసింది గానీ, ఉంటే కడిగే ఇచ్చేది. చేతిలో మట్టి పట్టిన గిన్నె పెట్టినందుకు ఎన్నాళ్ళు సిగ్గుపడిందో పాపం."

చెప్పాను. ఎంత సరిగ్గా చెప్పానో నాకు తెలీదు. ఎర్ల్ గారు టోపీ వైపు చూశాడు. "అవును. తలకి కట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ ఏదో అంది ఆవిడ, నాకా భాష రాదు. క్షమించమని అడిగినట్టే ఉంది మొహం. ఎందుకో ఇన్నాళ్ళూ అర్థం కాలేదు" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు ఆయన.

తర్వాత టోపీని తిప్పి ముందు భాగం చూశాడు. రెక్కలుండే చోట ఒట్టి ఇనుము.

"ఇది నీకిక పనికిరాదు కదా?" అని మా ఆయన్ని అడిగాడు.

"కలెక్టర్లకి పనికిరాదండి" అన్నాడు ఈయన నిజాయితీగా.

ఎర్ల్ గారు లేచాడు. వంటింటి తలుపు దగ్గర ఒక్క క్షణం, లోపల ఎవరినో అడుగుతున్నట్టు, నిలబడ్డాడు. తలుపు తోసి లోపలికి వెళ్ళి, భోజనాల బల్ల మధ్యలో సున్నుండలతో సహా ఆ టోపీని పెట్టాడు. "ఆ గుర్తు లేదు కాబట్టి డోరతీ ఇక ఏమీ అనదు" అన్నాడు.

ఆ బల్ల దగ్గరే మాకు కాఫీ ఇచ్చాడు. సున్నుండ కొరికి, ఇది దేనితో చేశారని అడిగాడు. మినుములని చెప్తే నమ్మలేదు. బయల్దేరేటప్పుడు మా అత్తగారు మిగిలినవి డబ్బాతో సహా బల్ల మీద పెట్టేశారు. "టోపీకి మూత లేదు, చీమలు పడతాయని చెప్పు" అన్నారు. డబ్బా ఆవిడ పుట్టింటిది, అడుగున పేరు చెక్కించినది. నేను వద్దనబోయి ఊరుకున్నాను.

డేటన్

తిరిగొచ్చే దారిలో మా ఆయన వాళ్ళమ్మని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పెద్ద శిక్ష. బేస్‌మెంట్‌లో ఆ టోపీ కోసమని ఖాళీ చేసి పెట్టుకున్న అర అలాగే ఉంది. నయాగరాకి కూడా వెళ్ళొచ్చాం, ఫోటో దిగాం. చిల్లుల టోపీ సింకు పక్కన స్థిరపడింది. నిజంగానే ఒక్క బియ్యపు గింజ జారదు.

ఆకులు రాలేవేళకి టెనెస్సీ నుంచి ఒక పార్సిల్ వచ్చింది. ఉత్తరమేమీ లేదు. పాత న్యూస్‌పేపర్లలో చుట్టిన స్టీలు డబ్బా. మూత తీస్తే అంచులదాకా అక్రోటుల్లాంటి పీకాన్ గింజలు, ఒక్కొక్కటీ పెంకు కొట్టి, పప్పు విరక్కుండా తీసినవి.

మా అత్తగారు గింజల్ని చిల్లుల టోపీలోకి వంపారు. ఖాళీ డబ్బాని వెలుతురుకి ఎదురుగా పట్టి లోపల చూశారు. వేలు పెట్టి మూలలు తడిమారు. వాసన చూశారు. మేమిద్దరం తీర్పు కోసం నిలబడ్డాం.

"బాగానే తోమాడు" అన్నారు.

అందరికంటే ముందు నవ్వింది మా ఆయనే. నవ్వుతూనే టోపీలోంచి గుప్పెడు గింజలు తీసుకుని, ఒకటి వాళ్ళమ్మ నోట్లో పెట్టాడు.